ఏడు దగ్గర తడబడిన దుబాసి

"నేను" అంటే ఎవరు

సిడ్నీ శివారు గిరావీన్‌లో మా వీధి పిల్లలు ఇద్దరు ఈ ఏడాది దుబాసి పరీక్షకు కూర్చుంటున్నారు. "అంకుల్, వెబ్‌సైట్‌లో ఉన్నది కాదు, జాబ్ అసలు ఎట్లుంటదో చెప్పండి" అని అడిగారు. నోటితో చెప్పబోతే మధ్య మధ్య వారి ఫోన్లు మోగాయి. అందుచేత రాస్తున్నాను.

నేను ప్రాచ్య కళాశాలలో విద్వాన్ చదివి, మహబూబాబాద్ ప్రాంతంలో చాలాకాలం తెలుగు పండితుడిగా పనిచేశాను. మా ఆవిడకు సిడ్నీలో నర్సు ఉద్యోగం దొరికితే ఆమె వెంట వచ్చాను. సమాసాలు విడదీయడం తప్ప వేరే విద్య ఎరగని మనిషికి ఈ దేశంలో దొరికిన ఉద్యోగం ఇది. ద్విభాషి అన్న మాటే దుబాసి అయింది. రెండు భాషలు తెలిసినవాడని నిఘంటువు చెబుతుంది. ఆ రెండు భాషల నడుమ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడని నేను చెబుతాను.

మొదటి నియమం ఉత్తమపురుషలో మాట్లాడాలని. ఆసుపత్రిలో ఒక రోగి "నాకు మూడు కాన్పులు" అంటే నేనూ "నాకు మూడు కాన్పులు" అనే అనాలి. మీసాలు ఉన్నంత మాత్రాన మినహాయింపు లేదు. గదిలో "నేను" అన్న మాట నాది కాదు. ఇంటికి వచ్చాక కూడా ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి కొంతసేపు పట్టేది.

తొలినాళ్లలో, కూతురి పురిటికి వచ్చిన ఒక పెద్దావిడ, "ఆ కబురు వినగానే గుండె జారిపోయింది నాయనా" అన్నది. నేను ఒక్క అక్షరం పోకుండా ఇంగ్లీషులో చెప్పాను. వైద్యుడు వెంటనే ఆమె గుండెకు తీగలు తగిలించాడు. బుద్ధి వచ్చింది, ఇకమీదట భావమే చెప్పాలనుకున్నాను. కొన్నాళ్లకు ఒకాయన తన అన్నదమ్ముల తగాదా చెబుతూ, "కడుపు మండిపోతోందండీ" అన్నాడు. పూర్వానుభవం ఉన్నవాణ్ణి కనుక, "నాకు చాలా కోపంగా ఉంది" అని అనువదించాను. ఆయనకు నిజంగానే కడుపులో పుండు. మాటను మాటగా ఎప్పుడు తీసుకోవాలో, భావంగా ఎప్పుడు తీసుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు. తేలిందని చెప్పే దుబాసి కనిపిస్తే అతనికి దూరంగా కూర్చోండి.

ఈ వృత్తిలో నన్ను అన్నిటికంటే అయోమయంలో పడవేసిన మనిషిని గురించి చెప్పడానికే ఇదంతా. ఆమె పాటగత్తె. ఆమె భాష నాకు రాదు.

లంబాడీ పక్కన రాసిన మాట

రెండువేల సంవత్సరం రాబోతున్న రోజులు. కంప్యూటర్లలో సంవత్సరానికి రెండంకెలే ఉన్నాయని, నాలుగంకెలు చేయకపోతే లోకం ఆగిపోతుందని అందరూ భయపడుతున్నారు. ఆ భయం పుణ్యమా అని మా గిరావీన్‌లో ఒక్కొక్క అద్దె ఇంట్లో నలుగురైదుగురు తెలుగు ఇంజనీర్లు దిగారు. వారిలో సుధీర్ అనే వరంగల్ యువకుడు ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. దుబాసీలను ఆసుపత్రులకు పంపే మా సంస్థలోనే అతడికి కాంట్రాక్టు. ఏ దుబాసికి ఏ భాష వచ్చునో చూపే పట్టికను పాత యంత్రం నుంచి కొత్తదానికి ఎక్కించడం అతని పని.

నేను ఉద్యోగంలో చేరేటప్పుడు తెలుగుతో పాటు లంబాడీ కూడా వచ్చునని రాశాను. మా బడి పక్కనే తండా ఉండేది. నా విద్యార్థుల్లో సగంమంది అక్కడివారే కనుక ఆ భాష నాకు బాగానే వచ్చు. ఇక్కడివారికి లంబాడీ అంటే తెలియదేమోనని, పాత గెజిటీర్లలో తెల్లదొరలు వాడిన మాటను పక్కన చేర్చాను. జిప్సీల భాష అని. కొత్త పట్టికలో లంబాడీకి గడి లేదు.

"నేనేం తప్పు చేయలే అంకుల్" అన్నాడు సుధీర్ తర్వాత. "లంబాడీకి కోడ్ లేకుండె. మీరేమో జిప్సీ అని రాసిన్రు. లిస్ట్‌లో రోమానీ అని ఉన్నది, దాని డిస్క్రిప్షన్ల గూడ జిప్సీ అనే ఉన్నది. మ్యాప్ చేసేసిన. టెస్టింగ్ల గూడ పాసయింది."

"భాష రాయడం చాలదా? పాండిత్యం పొంగి పక్కన టీక కూడా రాయాలా?" అని మా ఆవిడ నన్ను దులిపింది.

రోమానీ అంటే ఏమిటో అప్పటికి మాకు ముగ్గురికీ సరిగా తెలియదు. తరతరాల కిందట మన ఉత్తరదేశం నుంచి కాలినడకన పోయి యూరపులో చెదిరిన జనుల భాష అది. ఈ సంగతి నేను తెలుసుకునేనాటికి జరగవలసింది జరిగింది.

రామ్ రామ్

నవంబరులో ఒక ఉదయం మార్గరెట్ ఫోన్ చేసింది. దుబాసీలను కేటాయించే అధికారిణి, నా పైఅధికారుల్లో ఉత్తమురాలు. "జిప్సీ భాషకు బుకింగ్ ఉంది. ఇప్పటికి రెండుసార్లు మనిషి దొరక్క వాయిదా పడింది. మీరున్నారని కొత్త కంప్యూటర్ చెబుతోంది. ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నారు?" అన్నది.

ఎవరో లంబాడీ తల్లి ఇంత దూరం వచ్చి మాట తెలియక అవస్థ పడుతోందని నా ఊహ. పేరు నజీఫా అని చెప్పినప్పుడు మాత్రం కొంచెం తికమకపడ్డాను. లంబాడీల్లో ఆ పేరు నేను వినలేదు. అయినా చాలా ఏళ్ల తర్వాత ఆ భాష మాట్లాడబోతున్నానన్న సంతోషంలో దాన్ని పట్టించుకోలేదు.

గదిలో ఒక శస్త్రవైద్యుడు, ముప్పై ఏళ్ల ఒక స్త్రీ, ఒక ముసలావిడ ఉన్నారు. ముసలావిడకు డెబ్బై దగ్గర పడి ఉంటుంది. నల్లటి కళ్లు, చెవులకు బరువైన బంగారం, మెడచుట్టూ పట్టు గుడ్డ. ముఖం చూస్తే మన మనిషే అనిపించింది. నేను చేతులు జోడించి, తండాలో పెద్దలను పలకరించినట్టు, "రామ్ రామ్, యాడీ" అన్నాను. యాడీ అంటే అమ్మ.

ఆమె ముఖం వెలిగింది. "రొమ్? రొమ్?" అని నా వైపు వేలు చూపి, తర్వాత తన గుండె మీద చేయి వేసుకుని, "ఓవా, ఓవా. రొమ్ని" అన్నది. తమ జాతి మగవాణ్ణి వాళ్లు రొమ్ అంటారట. నేను దేవుణ్ణి తలచుకుంటే, ఆమె కులం అడుగుతున్నాననుకుని, అవును, నేనూ ఆ జాతి ఆడదాన్నే అని జవాబిచ్చింది. అప్పుడది తెలియదు కనుక నేను ఇంకో వాక్యం చెప్పాను. ఆమె ఇంకో వాక్యం చెప్పింది. ఇద్దరం ఒకరినొకరు చూస్తూ ఉండిపోయాం. మధ్యలో ఒకటీ అరా మాట మాత్రం దాటివస్తోంది. కన్, నక్, పాని, మనుష్. చెవి, ముక్కు, నీరు, మనిషి. మిగిలినదంతా పొగమంచు.

నేను వైద్యుడి వైపు తిరిగి, "క్షమించండి. ఈమె భాష నాది కాదు. పొరపాటు జరిగింది" అన్నాను. పిల్లలూ, ఈ వృత్తిలో ధైర్యం కావలసిన వాక్యం ఇదొక్కటే.

"ఇది మూడోసారి" అని వైద్యుడు నుదురు రుద్దుకున్నాడు. పక్కనున్న స్త్రీ ఆమె కూతురు సబీనా. "నాకు తెలుసు. అమ్మకు ఇదే కావాలి" అని గొణిగింది. ఆమె ఇక్కడే పుట్టిపెరిగింది. తల్లి మాట్లాడితే కొంత అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది. తెలిసినా, శస్త్రచికిత్సకు ఒప్పుకోలు అడిగేటప్పుడు బంధువులు దుబాసి పని చేయకూడదని ఆసుపత్రి నియమం.

వైద్యుడు మార్గరెట్‌కు ఫోన్ చేయడానికి బయటికి వెళ్లాడు. ముసలావిడ నాతో ఆట మొదలుపెట్టింది. వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టింది. యెక్, దుయ్, త్రిన్, ష్తార్, పంచ్, షోవ్. నేను లంబాడీలో ఆమె వెంటే నడిచాను. ఏక్, ది, తీన్, చార్, పాంచ్, ఛో. ఆమె ఆనందంతో తొడ చరిచింది. తర్వాత "ఎఫ్తా" అన్నది. నేను "సాత్" అన్నాను. ఇద్దరం ఆగిపోయాం.

"సాత్?" అని ఆమె మొహం చిట్లించి, వచ్చీరాని ఇంగ్లీషులో, "ఆరు దాకా మీ ఇంట్లోవి. ఏడు దారిలో దొరికింది" అన్నది. వాళ్ల ఏడు గ్రీకు మాట అని తర్వాత పుస్తకాల్లో చదివాను. ఆమె ఏ పుస్తకమూ చూడకుండానే చెప్పింది, లేదా వేళాకోళానికి అన్నది. ఎటు తీసుకోవాలో తెలియదు.

వైద్యుడు తిరిగి వచ్చి, తేలిక ఇంగ్లీషులో నేరుగా ఆమెనే అడిగాడు. "అమ్మా, మీకు ఆపరేషన్ కావాలా, వద్దా?"

ఆమె వైద్యుణ్ణి చూడలేదు. నన్ను చూస్తూ, నెమ్మదిగా, "న మంగావ" అన్నది.

"ఏమన్నది?" అన్నాడు వైద్యుడు.

నాకు ఆ మాట అర్థమైంది. అదే ఇబ్బంది. హిందీలో మాంగ్నా అంటే అడగడం. మంగావ ఆ ధాతువు నుంచే వచ్చి ఉంటే, ఆమె "నేను అడగను" అన్నది. ఒకవేళ వాళ్ల వాడుకలో అది కోరడం అయితే, "నాకు వద్దు" అన్నది. నేను వద్దు అంటే చికిత్స ఆగుతుంది. అడగను అంటే, తనకై అడగదు గానీ చేస్తే కాదనదని వైద్యుడు అనుకోవచ్చు. వ్యుత్పత్తి చెప్పడం నాకు జన్మతః వచ్చిన రోగం. నాలుక చివరి దాకా వచ్చిన దాన్ని మింగి, "నేను చెప్పలేను, ఈ భాష నాకు రాదు" అన్నాను.

"నువ్వు తల ఊపావు. నేను చూశా" అన్నది సబీనా.

"అది అలవాటు" అన్నాను.

కొత్త సంవత్సరం దాటాక ఇంకో తేదీ చూద్దామని వైద్యుడు చెప్పాడు. ముసలావిడ ఇంగ్లీషులో, చక్కగా, "థాంక్యూ డాక్టర్" అన్నది.

కళాయి

బస్సు కోసం నిలబడితే తల్లీకూతుళ్లు నన్ను ఆసుపత్రి టీ దుకాణానికి లాక్కుపోయారు. నియమం ప్రకారం వెళ్లకూడదు. కానీ ఆ గదిలో నేను దుబాసిని కాదని నేనే చెప్పాను కదా. ఈ తర్కం సరైనదో కాదో మీరు ఆలోచించుకోండి.

తన వాళ్లలో నజీఫా పేరు తెలియని ఇల్లు లేదని సబీనా చెప్పింది. మెల్‌బోర్న్‌లోనూ ఇక్కడా ఏ పెళ్లిలో చూసినా ఆమె క్యాసెట్లే. వాళ్ల సొంత ఊరు మాసిడోనియాలో, బాల్కన్ దేశాల్లో ఆమె పాడని రేడియో లేదు. మంత్రులు వచ్చి ముందు వరుసలో కూర్చునేవారట. పర్సులోంచి తీసి అప్పటి ఫోటో చూపించింది. పూసల తలపాగా, చేతులు చాచి, నోరు తెరిచి పాడుతున్న పాతికేళ్ల మనిషి.

"ఎలా మొదలైంది మీ పాట?" అని నేను ఇంగ్లీషులో అడిగాను.

"మా నాన్న కలాయ్" అన్నది ఆమె. చేతితో గిన్నె తిప్పుతూ తోమినట్టు చూపించింది.

"కళాయి" అన్నాను నేను. కూతురు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మా వైపు ఇత్తడి గిన్నెలకు తగరం పూత వేసేవాడు వీధిలో కేకవేసే మాట అదే. ఆ మాట తురకల దేశం గుండా అటూ ఇటూ ఎలా పోయిందో, నజీఫా తండ్రి కూడా బండి మీద కొలిమి పెట్టుకుని ఊరూరా అదే పని చేశాడు. ఆయన గొంతు బొంగురుది. ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని బయటికి రావాలంటే ఎవరైనా తియ్యగా పిలవాలి. అందుకని ఎనిమిదేళ్ల పిల్లను బండి వెనక నడిపించి కేక వేయించాడు. కేకకు రాగం తోడయింది. రాగం విన్న ఒక వాయిద్యకారుడు పట్నం తీసుకుపోయాడు.

"పెద్ద హాలులో కూడా గిన్నెల కోసమే పాడాను" అన్నది ఆమె. "వెనక వరుసలో ఉన్నావిడ గిన్నె పట్టుకుని లేవాలి. అంతే."

అప్పుడు సబీనా కోపంగా అసలు సంగతి బయటపెట్టింది. గొంతులో గడ్డ ఉంది. స్వరపేటికకు పోయే నరాన్ని ఆనుకుని ఉంది. తీస్తే పాట పోవచ్చు. తీయకపోతే అది పెరిగి ఊపిరికే అడ్డం రావచ్చు. ఏడాది చివరి ఆదివారం వాళ్ల క్లబ్బులో నజీఫా పాట ఉంది. ఎక్కడెక్కడి వాళ్లో వస్తున్నారు. అందుకని తల్లి, తనకు రోమానీ దుబాసి తప్ప ఎవరూ వద్దని పట్టుబట్టింది. ఈ ఊళ్లో అటువంటి మనిషి లేడని ఆమెకు ముందే తెలుసు.

"మాసిడోనియా భాష ఆమెకు రాదా?" అన్నాను.

"నాకంటే బాగా వచ్చు. టర్కిష్ కూడా. మాసిడోనియా భాష దుబాసి మా క్లబ్బు సెక్రటరీ బావమరిది. ఊరంతా చెప్పేస్తాడని భయం. ఆసుపత్రికి రోమానీ మనిషి దొరకడులే అని అమ్మ హాయిగా ఉంది. మీ కంప్యూటర్ నిన్ను పంపింది."

నజీఫా నా చేతి మీద కొట్టి నవ్వింది. "మంచి కంప్యూటర్."

నేను ఆమెను అడిగాను. "న మంగావ అన్నారు. అడగననా? వద్దనా?"

"నువ్వు దుబాసివి" అన్నది. "నువ్వే చెప్పు."

మార్చకూడని రోజులు

ఇక్కడ నాకు కలిగిన అయోమయం మీకు అర్థం కావాలి. గదిలో విన్నదాన్ని బయట చెప్పకూడదని నియమం. బయట విన్నదాన్ని గదిలో చెప్పాలా అన్నదానికి నియమం లేదు. నేను మార్గరెట్‌కు చెబితే, మాసిడోనియా భాష దుబాసిని వేరే ఊరి నుంచి ఫోన్‌లోకి పిలిపించి, వారంలో చికిత్సకు ఒప్పించగలరు. చెప్పకపోతే ఆమె పాడుతుంది. ఆ గడ్డ అంతదాకా ఓపిక పడుతుందో లేదో ఎవరికి తెలుసు?

మార్గరెట్ నన్ను సూటిగా అడిగింది. "ఆమెకు ఇంకో భాష ఏదైనా వచ్చునా?"

"కూతుర్ని అడగండి" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.  "మంచి దుబాసీలంతా ఇలాగే జవాబిస్తారు, అందుకే నాకు తలనొప్పి" అన్నది మార్గరెట్. కూతుర్ని అడిగిందట. తల్లినే అడగమని కూతురు చెప్పిందట. అంతటితో ఆగింది.

నా పేరు పక్కనున్న తప్పైనా దిద్దిద్దామని సుధీర్‌ను పట్టుకున్నాను.

"ఇప్పుడు కాదు అంకుల్. కోడ్ ఫ్రీజ్" అన్నాడు పప్పన్నం కలుపుకుంటూ. "జనవరి దాకా సిస్టమ్‌ల ఒక్క అక్షరం ముట్టద్దన్నరు. ముట్టిన్నంటే నా కాంట్రాక్టే ఫ్రీజ్."

"అంటే అప్పటిదాకా నేను రోమానీ పండితుణ్ణే?"

"ఆస్ట్రేలియా మొత్తంల మీరొక్కరే అంకుల్. కంగ్రాట్స్."

ఆదివారం మధ్యాహ్నం

"సండే ఆర్వో, రండి, ఫ్యామిలీతో" అని సబీనా పిలిచింది. ఆర్వో అంటే ఇక్కడివాళ్ల వాడుకలో మధ్యాహ్నం. సుధీర్ కారు నడిపాడు. క్లబ్బు నిండా జనం. పొగ, కాల్చిన మాంసం వాసన, క్లారినెట్టు. మా ఆవిడ పట్టుచీర చూసి ఒక ముసలాయన లేచి తన కుర్చీ ఇచ్చాడు. ఆమెను ఏమనుకున్నాడో ఇప్పటికీ తెలియదు.

నజీఫా మెడకు ఎర్రటి గుడ్డ చుట్టుకుని వచ్చింది. మొదట పాట లేదు, కేకే. వీధి మలుపులో మొదలై ఇంటి గుమ్మం దాకా వచ్చే కేక. ఒక్క మాట అర్థం కాకుండానే నేను కుర్చీలో ముందుకు జరిగాను. వెనక వరుసలో ఒక స్త్రీ నిజంగానే లేచి నిలబడింది. తర్వాతి పాటలో ఒక మాట పదేపదే వచ్చింది. మంగావ, మంగావ.

పక్కనున్నాయనను అర్థం అడిగాను. "నాకు కావాలి అని" అన్నాడు. ఎదుటివాడు అడ్డుపడ్డాడు. "కాదు, అడుక్కుంటున్నాను అని. పాట మొదలు వినలేదా నువ్వు?" మూడోవాడు కళ్లు తుడుచుకుంటూ, "మీ ఇద్దరికీ పెళ్లాలతో మాట్లాడే అలవాటు లేదు. ప్రేమిస్తున్నాను అని" అన్నాడు. ముగ్గురూ వాదనలో పడ్డారు. పాట అయిపోయింది.

"అంకుల్, ముగ్గురికి మూడు ఔట్‌పుట్‌లు వస్తున్నయ్" అన్నాడు సుధీర్. "బగ్ ఎక్కడుందో?"

ఏడు

కొత్త సంవత్సరం వచ్చింది. లోకం ఆగలేదు. సుధీర్ వాళ్ల కష్టం వల్ల ఆగలేదో, అసలు ఆగేదే కాదో అతనికీ తెలియదన్నాడు. ఆ మాటలో నాకు ఊరట కలిగింది.

ఆ నెలలోనే నజీఫాకు శస్త్రచికిత్స జరిగింది. ఈసారి ఆమె ఏ భాషైనా సరేనన్నది. తర్వాత కొన్నాళ్లకు మార్గరెట్ ఫోన్ చేసింది. "మీ కోడ్ ఇంకా మార్చలేదు. మళ్లీ మీ పేరే వచ్చింది. నేను రద్దు చేయబోయాను. ఆమె మీరే రావాలంటోంది." వెళ్లాను.

అదే గది. మెడకు తెల్లని పట్టీ. నరం గడ్డలో కూరుకుపోయిందని, కొంత కోయక తప్పలేదని వైద్యుడు చెప్పాడు. "ముందే చేసి ఉంటే?" అని సబీనా అడిగింది. అడుగుతూ నా వైపు చూడలేదు. వైద్యుడు, "చెప్పలేను. అప్పుడే కూరుకుపోయి ఉండవచ్చు. ఈ రెండు నెలల్లో కూరుకుపోయి ఉండవచ్చు" అన్నాడు. ఆ "చెప్పలేను" నేను ఆ గదిలో అన్న మాటే. ఆయన అన్నది నిజాయితీతో. నేను అన్నది దేనితోనో ఇన్నేళ్లుగా తడుముకుంటూనే ఉన్నాను.

మీలో ఎవరైనా నా స్థానంలో ఉంటే ఏం చేయాలని అడుగుతారు. తెలియదు. నియమాలన్నీ చదవండి, గదిలో వాటినే పాటించండి. వాటి అంచు దాటిన చోట మీకు తోడెవరూ ఉండరని మాత్రం ఎరిగి ఉండండి.

గొంతు ఎంత మిగిలిందో చూడాలని, ఏవైనా అంకెలు చెప్పమన్నాడు వైద్యుడు. ఆమె మొదలుపెట్టింది. యెక్. దుయ్. త్రిన్. స్వరం లేదు, గాలి మాత్రమే. ఖాళీ గిన్నెను గుడ్డతో తుడిచినట్టు ఉంది. ష్తార్. పంచ్. షోవ్. అక్కడ ఆగి, నా వైపు తిరిగింది.

అలసిపోయిందేమోనని వైద్యుడు ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె కళ్లు నా మీదనే ఉన్నాయి.

"ఎఫ్తా" అన్నాను.

నా ఉచ్చారణ బాగోలేదేమో, ఆమె పెదవుల చివర నవ్వు వచ్చింది. "ఎఫ్తా" అని తాను సరిచేసి పలికింది.

"ఏమన్నది?" అన్నాడు వైద్యుడు.

"ఏడు" అన్నాను. ఆ భాష నుంచి నేను సందేహం లేకుండా చేసిన అనువాదం అదొక్కటే.